నిజాం కూలాడు, గడీ నిలిచింది

హైదరాబాద్ సంస్థానాన్ని 1911 నుంచి 37 ఏళ్లపాటు ఏలిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1948 సెప్టెంబరు 17న తన సైన్యం పోరు విరమించిందని ప్రకటించడంతో, 1724లో మొదలైన ఆసఫ్‌జాహీల ఏలుబడికి తెరపడింది. భారత సైన్యం సరిహద్దు దాటింది ఆ నెల 13న. ఐదు రోజుల్లో పని ముగిసింది. ఆ సైనిక చర్య ఒక్కటే నిజాంను దించిందని రాసిన చరిత్రలున్నాయి, అంతకు రెండేళ్ల ముందు నుంచీ సాగిన రైతుల తిరుగుబాటే దించిందని రాసినవీ ఉన్నాయి. ఈ రెండు వాదాల్లో దేని పాలు ఎంతో తేల్చుకోవడానికి ఉత్తర తెలంగాణలోని కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల అనుభవం బాగా పనికివస్తుంది. అక్కడి పల్లెజనానికి నిత్యం ఎదురుపడిన ప్రభుత్వం హైదరాబాద్‌లోని కింగ్ కోఠీలో కూర్చున్న నవాబు కాదు; ఊళ్లో దొర, దస్త్రం చేతపట్టిన పట్వారీ, అడవిలో జంగ్లాత్ (అటవీశాఖ) చౌకీదారు. నవాబు 1948లోనే దిగిపోయినా, దొర, పట్వారీల పెత్తనం సడలడానికి ఆ తరువాత మరో మూడు నాలుగు దశాబ్దాలు పట్టింది. అడవి తగాదా అయితే ఈనాటికీ తెగలేదు.

సంస్థానంలోని 16 జిల్లాల్లో ఎనిమిది తెలుగు జిల్లాలు కాగా, మిగిలినవి మరాఠీ, కన్నడ ప్రాంతాలు. 1941 జనాభా లెక్కల నాటికి మొత్తం జనం సుమారు 1.63 కోట్లు. భూమి మూడు తీరులుగా ఉండేది. సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసుకునే భూమిని దివానీ లేక ఖాల్సా అనేవారు. ఇది రాజ్యంలో దాదాపు 60 శాతం. నవాబుకు సేవ చేసిన కుటుంబాలకు ధారాదత్తం చేసిన గ్రామాలు జాగీర్లు. ఇవి సుమారు 30 శాతం. మిగిలిన పదో వంతు సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత ఖర్చుల కోసం ప్రత్యేకించిన భూమి. జాగీర్లలో శిస్తు ఎంత అన్నది జాగీర్దారు నోటిమాట కాబట్టి అక్కడి రైతు బాధ మరింత ఎక్కువ. అయితే దివానీ గ్రామాల రైతు సుఖపడ్డాడనుకోవడానికీ వీల్లేదు, ఎందుకంటే అక్కడ సర్కారుకూ రైతుకూ నడుమ జనం దొర అని పిలిచే దేశ్‌ముఖ్ ఉన్నాడు.

దేశ్‌ముఖ్‌లు మొదట భూస్వాములు కారు, శిస్తు వసూలుదారులు. సంస్థాన ప్రధానిగా ఉన్న మొదటి సాలార్ జంగ్ 1860లలో జిల్లాలను ఏర్పరచి, సర్కారు ఉద్యోగుల చేతనే శిస్తు వసూలు చేయించే పద్ధతి తెచ్చినప్పుడు, పని పోయిన దేశ్‌ముఖ్‌లకు పరిహారంగా ఏటేటా రుసుము ముట్టేలా ఏర్పాటు చేశాడు. అది ఆదాయం మాత్రమే. అసలు బలం వారికి ఆ తరువాత జరిగిన భూమి కొలతల్లో వచ్చింది. సర్వే చేసి పట్టాలు రాసేటప్పుడు, ఏ పొలం ఎవరిదో చెప్పగల దస్త్రాలు వారి దగ్గరో వారు చెప్పినట్లు వినే పట్వారీ దగ్గరో ఉండడంతో, తరతరాలుగా దున్నుకుంటున్న రైతు పేరుకు బదులు దొర పేరు కాగితమెక్కింది. తన భూమిలో తానే కౌలుదారయ్యానన్న సంగతి చాలామంది రైతులకు జప్తు నోటీసు వచ్చిన నాడు గానీ తెలియలేదు. ఊరికి ముగ్గురు వంశపారంపర్య అధికారులుండేవారు: శిస్తు వసూలు చేసే మాలీ పటేల్, శాంతిభద్రతలు చూసే పోలీస్ పటేల్, లెక్కలు రాసే పట్వారీ. తండ్రి తరువాత కొడుకు అనే లెక్కన నడిచే ఈ కొలువుల్లో ఉన్నవారు చాలా గ్రామాల్లో దొర బంధువులో, కాకుంటే దొర మాట జవదాటలేనివారో అయి ఉండేవారు.

ఈ ఏర్పాటు రోజువారీ బతుకులో ఎలా ఉండేదో వెట్టిని చూస్తే తెలుస్తుంది. కూలి లేకుండా చేయించుకునే పనే వెట్టి. అది ఏ ఒక్క కులానికో పరిమితమైనది కాదు. ఊరి కులాలన్నిటికీ వంతులు వేసి ఉండేది. చాకలి గడీలో బట్టలుతకడమే కాక నీళ్లు మోయాలి, అంట్లు తోమాలి, పెళ్లిళ్లలో పల్లకి మోయాలి. మాదిగ చెప్పులు కుట్టివ్వాలి, తోలు బొక్కెనలు సిద్ధం చేయాలి, అధికారి మూటలు మోసుకుంటూ పక్క ఊరిదాకా పరుగెత్తాలి. కుమ్మరి కుండలు, గొల్ల గొర్రెలు, గౌండ్ల కల్లు, సాలె బట్టలు అడిగినప్పుడల్లా అందించాలి. రైతు కూడా తన పొలం కన్నా ముందు దొర పొలానికి నాగలి కట్టాలి, నీళ్లు పారించాలి. కోమటి సరుకులివ్వాలి, బాకీ మాట ఎత్తకూడదు. గడీ అంటే ఎత్తైన గోడల నడుమ ఏనుగు దూరేంత దర్వాజాతో ఉండే దొర నివాసం. దాని ముందు నుంచి చెప్పులు తొడుక్కుని, తలపాగా చుట్టుకుని నడవడమే నేరం. ఊరి తగాదాలకు న్యాయస్థానమూ, తప్పుకు జుర్మానా వేసే కచేరీయూ అదే. ‘నీ బాంచెన్, కాల్మొక్తా’ అన్న పలకరింపు ఆ కాలంలో వినయానికి చిహ్నం కాదు, దెబ్బలు తప్పించుకునే ఉపాయం.

దీనికి అప్పు తోడయింది. వానాకాలం గింజలు నిండుకున్నప్పుడు దొర దగ్గరో షావుకారు దగ్గరో తెచ్చుకునే ధాన్యం అప్పును నాగు అంటారు. పంట చేతికి వచ్చాక పుట్టికి పుట్టిన్నర చొప్పున కొలిచి ఇవ్వవలసి వచ్చేది, ఇవ్వలేని ఏడాది వడ్డీ అసలులో కలిసిపోయేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సర్కారు లెవీ ధాన్యం వసూలు మొదలుపెట్టినప్పుడు, పెద్ద కమతాలున్నవారు పట్వారీ లెక్కల చాటున తప్పించుకోగా, భారమంతా చిన్న రైతు గాదె మీద పడింది. 1940ల మధ్యలో ‘సంగం’ (పల్లెల్లో ఆంధ్ర మహాసభకు వచ్చిన పేరు) మాట వినగానే పల్లెలు ఎందుకంత వేగంగా కదిలాయన్నదానికి ఈ లెవీ వసూళ్లే సగం జవాబు.

ఆదిలాబాద్ సంగతి వేరు. అక్కడ గోండులు, కొలాములు, నాయక్‌పోడులు, పరధానులు నివసించే కొండల్లో దొర గడీకి బదులు అటవీశాఖ కూర్చుంది. ఆ శాఖను జనం జంగ్లాత్ అనే పిలిచేవారు. చాందా నుంచి వచ్చి పాలించిన గోండు రాజుల ఏలుబడిని గుర్తుంచుకున్న ఆ ప్రజలకు, అడవిని రిజర్వుగా ప్రకటించి సరిహద్దు రాళ్లు పాతడం, అంతవరకు పోడు కొట్టుకుని పంట తీసిన నేలను ఆక్రమణ అనడం, పశువులను మేపినందుకూ వంటచెరకు తెచ్చుకున్నందుకూ బంబ్రం, దూపపెట్టి వంటి పేర్లతో వసూళ్లు చేయడం ఒక్క తరంలోనే ఎదురయ్యాయి. 1929లో కాజీపేట, బల్హార్షా మధ్య రైలుమార్గం పూర్తయింది; దానికి అటూ ఇటూగా బొగ్గు గనులు, సిర్పూర్ కాగితం మిల్లు, నల్లరేగడిలో పత్తి సాగు వెంటవెంట వచ్చి, బయటి రైతులనూ వ్యాపారులనూ ఆ జిల్లాకు రప్పించాయి. పట్టా కాగితం అంటే ఏమిటో తెలిసినవారికి భూమి దక్కింది. ఆ నేలను మొదట సాగుచేసినవారు కొండల మీదికి జరిగారు.

కొమురం భీము తిరుగుబాటు ఈ నేపథ్యంలోనిది. ఆసిఫాబాద్ కొండల్లోని జోడేఘాట్, బాబేఝరి, పట్నాపూర్ వంటి 12 గ్రామాల గోండులు, కొలాములు కోరింది తాము సాగుచేసుకుంటున్న భూమిపై హక్కు, అటవీ సిబ్బంది వేధింపుల నుంచి విముక్తి, తమ ఊళ్లను తాము ఏలుకునే అధికారం. విన్నపాలు, రాయబారాలు విఫలమై, అటవీ సిబ్బందితో ఘర్షణలు ముదిరాక, 1940లో జోడేఘాట్ గుట్టల్లో పోలీసులు జరిపిన కాల్పుల్లో భీము, ఆయన అనుచరులు కొందరు మరణించారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు ఆయన వర్ధంతి జరుపుతారు. ఈ కాల్పుల తరువాత నిజాం ప్రభుత్వం అసలు కారణం తెలుసుకోవాలని ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్‌ను ఆదిలాబాద్‌కు పంపింది. ఆయన మార్లవాయి గ్రామంలో ఉండి గోండుల భాషను, బతుకును అధ్యయనం చేసి, తిరుగుబాటుకు మూలం భూమి పోవడమేనని ప్రభుత్వానికి నివేదించాడు. ఫలితంగా 1940లలో వేలాది గిరిజన కుటుంబాలకు పట్టాలు దక్కాయి, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం వెలిసింది. నిరంకుశ ప్రభుత్వమే అయినా, చివరి దశలో ఆదివాసుల విషయంలో అది తీసుకున్న ఈ చర్యలను ఒప్పుకోవడం న్యాయం. అయితే ఆ పట్టాలకు దారి వేసింది దయ కాదని, జోడేఘాట్‌లో పారిన నెత్తురని కూడా చెప్పుకోవాలి.

మైదాన ప్రాంతంలో ప్రజల గొంతు మొదట గ్రంథాలయాల్లో, ఆ తరువాత సభల్లో వినిపించింది. సభ జరుపుకోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని శాసించిన గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు అమలులో ఉండగానే, 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ తొలిసారి సమావేశమైంది. నాలుగో మహాసభ 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన కరీంనగర్ జిల్లా సిరిసిల్లలో జరిగింది. మొదట్లో మహాసభ తీర్మానాలు బడులు, తెలుగు భాష, సంఘ సంస్కరణల చుట్టూ తిరిగినా, వెట్టి, కౌలు, శిస్తుల మాట క్రమంగా ముందుకొచ్చింది. 1938లో వందేమాతరం గీతం పాడినందుకు ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలోని విద్యార్థులను చదువుల నుంచి వెళ్లగొట్టినప్పుడు, కరీంనగర్ జిల్లా వంగరకు చెందిన పి.వి. నరసింహారావు కూడా వారిలో ఒకరై నాగపూర్ చేరి చదువు పూర్తిచేశారు. తరువాత రావి నారాయణరెడ్డి తదితరుల నాయకత్వంలో మహాసభ కమ్యూనిస్టుల వైపు మొగ్గి, పల్లెల్లో ‘సంగం’గా పేరు తెచ్చుకుంది. 1946 జులై 4న జనగామ ప్రాంతంలోని కడవెండిలో దొర మనుషుల తుపాకులకు దొడ్డి కొమురయ్య బలి కావడంతో పోరాటం ఆయుధాల దాకా వెళ్లింది.

దేశ స్వాతంత్ర్యం ఖాయమయ్యాక తాను ఏ దేశంలోనూ చేరనని 1947 జూన్‌లో ఫర్మానా జారీచేసిన నిజాం, నవంబరులో భారత ప్రభుత్వంతో ఏడాది యథాతథ ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఈలోగా ఖాసిం రజ్వీ నడిపిన రజాకార్ల దళాలు, అంటే మజ్లిస్ పార్టీ స్వచ్ఛంద సాయుధ సేన, పోలీసులతో కలిసి ఊళ్ల మీద పడ్డాయి. రజాకార్లను ఎదిరించినవారిలో ముస్లింలూ ఉన్నారు. ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో చంపింది, సంస్థానం భారతదేశంలో కలవాలని రాసినందుకే. అదే నెలాఖరున సిద్దిపేట ప్రాంతంలోని బైరాన్‌పల్లిలో పదుల సంఖ్యలో గ్రామస్థులను వరుసగా నిలబెట్టి కాల్చారు. స్టేట్ కాంగ్రెస్ కార్యకర్తలు సరిహద్దు అవతల శిబిరాలు పెట్టుకుని కరోడ్‌గిరీ (సుంకం) నాకాల మీద, పోలీసు ఠాణాల మీద దాడులు సాగించారు. కరీంనగర్, ఆదిలాబాద్ వారికి దగ్గరగా ఉన్న అలాంటి శిబిరం చాందాది.

కరీంనగర్‌లో సాయుధ దళాలు నల్లగొండ, వరంగల్ కన్నా ఆలస్యంగా లేచాయి. వాటిలో మొదట చెప్పుకోవలసిన పేరు అనభేరి ప్రభాకరరావు. పోలంపల్లి దేశ్‌ముఖ్ కుటుంబంలో పుట్టి, తన వర్గానికే ఎదురు నిలిచిన ఆయన దళం ఊరూరా తిరిగి చేసిన పని ఒకటి ప్రత్యేకంగా గమనించదగ్గది: పట్వారీ ఇంట్లోని దస్త్రాలను బయటికి తెప్పించి, జనం చూస్తుండగా నడివీధిలో తగులబెట్టడం. తుపాకీ కన్నా ముందు కాగితానికి గురిపెట్టిన ఆ తిరుగుబాటుదారులకు, తమ భూమి పోయింది ఎక్కడో, ఎవరి చేతుల మీదుగానో సరిగ్గా తెలుసు. 1948 మార్చి 14న హుస్నాబాద్ సమీపంలోని మహమ్మదాపూర్ గుట్టల్లో నిజాం పోలీసులు చుట్టుముట్టగా ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వారి సహచరులు కాల్పుల్లో అమరులయ్యారు. జిల్లాలో ఉద్యమం వేళ్లూనుకుంటున్న దశలోనే నాయకత్వం దెబ్బతిన్నది. ఆరు నెలలకు భారత సైన్యం వచ్చింది. నల్లగొండలో మాదిరి భూమి పంచుకుని, రెండు మూడు పంటలు తీసుకుని, దొరను చూసి భయపడడం మరిచిపోయేంత వ్యవధి కరీంనగర్ పల్లెలకు చిక్కలేదు.

ఇంతకూ నిజాంను దించింది ఎవరన్న ప్రశ్నకు సూటి జవాబు ఇది: పట్టణాల్లో సత్యాగ్రహం, పల్లెల్లో సంగం కలిసి 1948 నాటికే నిజాం మాట చెల్లని రాజ్యంగా సంస్థానాన్ని మార్చాయి, సైన్యం వచ్చి లాంఛనం పూర్తిచేసింది. అయితే ఎవరు పూర్తిచేశారన్నదాన్ని బట్టే ఆ తరువాతి కథ నడిచింది. సైనిక గవర్నరుగా వచ్చిన మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి యంత్రాంగం రజాకార్లను అదుపు చేసిన వెంటనే కమ్యూనిస్టు దళాల మీదికి తిరిగింది. 1951 అక్టోబరులో పార్టీ పోరాటాన్ని విరమించేదాకా మూడేళ్లు సాగిన ఆ రెండో యుద్ధంలో, అప్పటికి పంచుకున్న భూమిలో చాలా భాగం తిరిగి పాత యజమానుల చేతికి వెళ్లింది. సుమారు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచామని, దాదాపు 4,000 మందిని కోల్పోయామన్నది పార్టీ చెప్పుకున్న లెక్క. ఇక్కడ దాచకూడని మరో విషయముంది. సైనిక చర్య జరిగిన రోజుల్లో, ఆ వెంటనే, సంస్థానంలోని ముస్లింల మీద జరిగిన హత్యాకాండ గురించి కేంద్రం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం, మృతులు తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది ఉంటారని అంచనా వేసింది. అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయిన జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, ఆదిలాబాద్‌ను ఆనుకుని ఉన్న నాందేడ్. రజాకారు దౌర్జన్యానికి శిక్ష అనుభవించింది రజాకార్లు కాదు, వారితో ఏ సంబంధమూ లేని రైతులు, చేతివృత్తులవారు. ఆ నివేదికను దశాబ్దాల పాటు ప్రజలకు చూపకపోవడం ప్రభుత్వాల తప్పిదం.

గద్దె దిగిన పాలకుడికి మాత్రం ఏ లోటూ రాలేదు. 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబరు 31 దాకా ఉస్మాన్ అలీఖాన్ రాజ్‌ప్రముఖ్ హోదాలో, అంటే ఇతర రాష్ట్రాల్లో గవర్నరుతో సమానమైన పదవిలో కొనసాగాడు; ఏటా 50 లక్షల రూపాయల రాజభరణం, దానికి తోడు సర్ఫేఖాస్ భూములకు పరిహారం కూడా అందింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదారు అనే హక్కును ఏర్పరచింది. రెండూ మంచి చట్టాలే. లోపమల్లా అమలు చేసే చేతుల్లో ఉంది. ఎవరు కౌలుదారో రాయవలసింది పట్వారీ. ఆ పట్వారీ పాతవాడే. 1954-55లో కొత్త ప్రభుత్వం ఊరూరా ఖాస్రా పహాణీ రాయించింది. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, కబ్జాలో ఉన్నవారి పేరు వరుసగా నమోదు చేసిన ఈ దస్త్రమే తెలంగాణలో ఇప్పటికీ భూమి తగాదాలన్నిటికీ మూలాధారం. కబ్జా గడిలో దున్నేవాడి పేరు పడితే రక్షణ దొరుకుతుంది, దొర పేరే పడితే చట్టం దున్నేవాడి దరిదాపుల్లోకి రాదు. కరీంనగర్ జిల్లాలో ఎన్నో ఊళ్లలో దున్నేవాడి పేరు పడలేదు.

పోరాట కాలంలో హైదరాబాద్‌కు పారిపోయిన దొరలు ఖద్దరు టోపీలు పెట్టుకుని తిరిగి వచ్చారని ఆ తరం వారు చెప్పుకునేది ఇందుకే. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో ప్రజలు తమ మనసు చెప్పకపోలేదు. కరీంనగర్ లోక్‌సభ స్థానం నుంచి ప్రజాస్వామ్య ఫ్రంట్ అభ్యర్థిగా నిలిచిన గాలిపల్లి వాసి, సాయుధ పోరాట నాయకుడు బద్దం ఎల్లారెడ్డిని గెలిపించారు. అయినా ఊళ్లో అధికారం గడీలోనే ఉండిపోయింది. పంచాయతీరాజ్ వచ్చాక దొర సర్పంచి అయ్యాడు, అతని బంధువు సమితి అధ్యక్షుడయ్యాడు; సారా, కల్లు, తునికాకు కాంట్రాక్టులు, సహకార సంఘం అప్పులు, బంజరు భూమి కేటాయింపులు అన్నీ ఆ దర్వాజా గుండానే నడిచాయి. రాజరికం పోయి ఎన్నికలు వచ్చినా, ఓటువేసే రైతు గడీ ముందు చెప్పులు చేతబట్టుకునే నడిచాడు. ప్రపంచంలో ఇది ఒక్క తెలంగాణలోనే జరిగింది కాదు. ఈజిప్టును 30 ఏళ్లు ఏలిన హోస్నీ ముబారక్ 2011లో 18 రోజుల జన నిరసనకు తలవంచి దిగిపోగా, అతని వెనుక నిలిచిన సైన్యం రెండున్నరేళ్లు గడవకముందే మళ్లీ అధికారం చేజిక్కించుకుంది. పాలకుణ్ణి నిలబెట్టిన యంత్రాంగం చెక్కుచెదరకపోతే విప్లవం అక్కడికి ఆగిపోతుందనడానికి అది ఇటీవలి రుజువు.

కరీంనగర్‌లో ఆగిపోయిన పని 30 ఏళ్ల తరువాత మళ్లీ మొదలైంది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చినా జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి తాలూకాల్లో వెట్టి, జీతగాళ్ల బానిసత్వం కొనసాగుతుండడంతో, నక్సలైట్ కార్యకర్తల నాయకత్వంలో ఊరూరా రైతుకూలీ సంఘాలు పుట్టాయి. కూలి పెంచాలి, వెట్టి మానిపించాలి, దొర వసూలు చేసిన జుర్మానాలు తిరిగి ఇవ్వాలి, కబ్జా చేసుకున్న బంజర్లు పేదలకు పంచాలి అన్నవి కోర్కెలు. 1978 సెప్టెంబరులో వేలాది రైతుకూలీలు జగిత్యాల పట్టణంలో సభ జరిపారు. అదే జగిత్యాల జైత్రయాత్ర. అదే నెల 8న ఇరాన్ రాజధాని టెహరాన్‌లోని జాలే చౌకులో షా సైన్యం జనంపై కాల్పులు జరిపింది, నాలుగు నెలలు దాటగానే 1941 నుంచి ఏలుతున్న షా దేశం విడిచిపోయాడు. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు. అయితే అక్కడ జనం రాజును దించుతున్న సమయంలో, రాజు ఎప్పుడో పోయిన ఇక్కడి జనం ఇంకా దొరతో పోరాడుతూ ఉన్నారు.

వారు ఎంచుకున్న ముఖ్య ఆయుధం సాంఘిక బహిష్కరణ. దొర ఇంటికి చాకలి వెళ్లడు, మంగలి వెళ్లడు, పాలు పోసేవారు లేరు, పశువులు కాసేవారు లేరు, పొలానికి కూలీలు రారు. వెట్టి ఎన్ని చేతుల మీద నడిచేదో, ఆ చేతులన్నీ ఒక్కసారిగా ఆగిపోయేసరికి గడీలో పొయ్యి రాజేయడం కూడా కష్టమైంది. నెలల వ్యవధిలో చాలామంది దొరలు ఊళ్లు వదిలి కరీంనగర్‌కో హైదరాబాద్‌కో చేరుకున్నారు. ప్రభుత్వం ఇచ్చిన జవాబు పోలీసు క్యాంపులు. 1978 అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అలా ప్రకటిస్తే గుంపును చెదరగొట్టడానికి కాల్పులు జరిపే అధికారం దిగువ స్థాయి పోలీసు అధికారికీ వస్తుంది. ఆ ఒత్తిడి కింద బహిరంగ సంఘం మూతబడి రహస్య దళం ముందుకొచ్చింది. 1980లో పీపుల్స్‌వార్ పార్టీ ఏర్పడింది. ఆ తరువాతి పాతికేళ్లలో ఎన్‌కౌంటర్ల పేరిట జరిగిన హత్యలు, ఇన్‌ఫార్మర్ల పేరిట దళాలు చేసిన హత్యలు ఈ జిల్లా పల్లెలను ఎంత క్షోభపెట్టాయో చెప్పనలవి కాదు. ఒక తరం యువకులు అడవికో జైలుకో వెళ్లగా, మరెందరో బొంబాయికి, దుబాయికి వలసపోయారు. అయినా 1978 సాధించిన ఫలితం ఒకటి చెరిగిపోనిది: ఆ ఊళ్లలో వెట్టి మళ్లీ తలెత్తలేదు.

పట్వారీ కథ ముగిసింది మరో ఆరేళ్లకు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీల వంశపారంపర్య కొలువులను ఆర్డినెన్సుతో రద్దు చేసి, జీతం మీద పనిచేసే ఉద్యోగులను నియమించింది. అనభేరి దళం దస్త్రాలు తగులబెట్టి అప్పటికి 36 ఏళ్లు.

ఆదిలాబాద్‌లో మాత్రం పరిణామం వెనకడుగు వేసింది. 1940లలో గోండులకు దక్కిన పట్టా భూముల్లో చాలా భాగం రాజ్యం మారిన తరువాతి రెండు దశాబ్దాల్లోనే బయటివారి చేతుల్లోకి జారిపోయింది. 1956లో భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు కిన్వట్, రాజురా తాలూకాలను బొంబాయి రాష్ట్రంలో కలపడంతో గోండుల ఆవాసం రెండు రాష్ట్రాల మధ్య చీలింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనుల భూమి ఇతరులకు బదిలీ కాకుండా ఆపడానికి 1959లో చేసిన నిబంధనలను తెలంగాణకు 1963లో వర్తింపజేసి, 1970లో కట్టుదిట్టం చేశారు. దీన్నే జనం 1/70 చట్టం అంటారు. దాని ప్రకారం ఆ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, అందుకు విరుద్ధంగా రుజువయ్యేదాకా, గిరిజనుల నుంచి వచ్చినదిగానే భావించాలి. చట్టం ఇంత గట్టిగా ఉండగానే 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజన రైతుకూలీ సంఘం సభకు వస్తున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సంత రోజు కావడంతో చుట్టుపక్కల గూడేల జనం అంతా అక్కడే ఉన్నారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం ప్రకటించగా, అంతకు ఎన్నో రెట్లు ఎక్కువని పౌరహక్కుల కార్యకర్తలు, స్థానికులు చెప్పారు. భీము అడిగిన భూమి కోసమే, ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వంలో, 41 ఏళ్ల తరువాత మళ్లీ తుపాకులు పేలాయి. అక్కడ కట్టిన స్మారక స్తూపాన్ని 1986లో పేల్చివేయగా, మరుసటి ఏడు మళ్లీ నిర్మించారు.

2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసి, తరతరాలుగా అడవిలో సాగు చేసుకుంటున్నవారి పట్ల చారిత్రక అన్యాయం జరిగిందని ఆ చట్టం పీఠికలోనే అంగీకరించింది. 2023 జూన్ 30న తెలంగాణ ప్రభుత్వం సుమారు లక్షన్నర మంది గిరిజనులకు నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు భూమి పట్టాల పంపిణీని ప్రారంభించింది. ఆ కార్యక్రమం జరిగింది ఆసిఫాబాద్‌లో, 2016 నుంచి కొమురం భీము పేరుతో ఉన్న జిల్లా కేంద్రంలో. దరఖాస్తు తిరస్కరణకు గురైనవారు, 75 ఏళ్ల నివాసాన్ని కాగితంతో రుజువు చేయలేక ఆగిపోయిన గిరిజనేతర పేదలు ఆ పంపిణీకి బయటే ఉండిపోయారు. కాగితం లేనివాణ్ణి కాగితం అడిగి తిప్పి పంపే పద్ధతి నిజాం కాలంనాటిది. ఊరి పెద్దల వాంగ్మూలాన్ని కూడా ఆధారంగా తీసుకోవచ్చని చట్టం నియమాలే చెబుతున్నాయి కాబట్టి, ఆ దరఖాస్తులను గూడేల్లోనే కూర్చుని తిరిగి విచారించడం ప్రభుత్వం వెంటనే చేయవలసిన పని.